ముందు ఖిలోనా, తర్వాత లఫ్జ్



ఆలంపూర్‌లో షా అలీ పహిల్వాన్ దర్గా ఉర్సుకు పిల్లల్ని తీసుకుపోయినప్పటి సంగతి ఇది. జియారత్ అయ్యాక బయట దుకాణాల మధ్య నడుస్తుంటే మా చిన్నోడు ఒకచోట ఆగిపోయాడు. పెద్ద తసలాలో నీళ్లు, నీళ్ల మీద అరచేయంత రేకు పడవ, దాని కడుపులో వేలెడంత దీపం. టకటకా చప్పుడు చేసుకుంటూ ఆ పడవ తసలా అంచు వెంబడి తిరుగుతూనే ఉంది.

"అబ్బా, ఇస్మె ఇంజన్ నైఁ, బ్యాటరీ నైఁ. ఫిర్ కైసా చల్రా?"

"ఆవిరి" అన్నాను.

"ఆవిరి ఏం చేస్తది?"

"వెనక గొట్టంలో నుంచి నీళ్లను బయటికి నెడతది. పడవ ముందుకు పోతది."

"గొట్టంలో నీళ్లు ఒక్కసారికే అయిపోతయి కదా. మళ్లీ ఎవరు పోస్తున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. ఖిలోనాలు అమ్మే పెద్దమనిషి నవ్వి "బచ్చా హుషార్ హై" అన్నాడు. పడవ కొనిచ్చి అక్కణ్నుంచి తప్పించుకున్నాను. బస్సులో గద్వాల దాకా వాడు ఆ పడవను తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఏళ్లకు పైగా అఖ్బారుల్లో పనిచేస్తూ ప్రాజెక్టుల గురించి, పంపుహౌసుల గురించి పేజీలకు పేజీలు రాసినవాణ్ని. ఒక రేకు పడవ ఎట్లా నడుస్తుందో చెప్పలేకపోయాను.

నా తాలీమ్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగులో. బడిలో మా ఉస్తాద్ బ్లాక్‌బోర్డు మీద రాసిన తారీఫ్‌లను నోట్సులో ఎక్కించుకుని, ఇంట్లో లాంతరు ముందు ఊగుతూ కంఠస్థం చేసేవాళ్లం. అట్లా నాకు 'మర్కజె సఖల్' అనే మాట వచ్చింది. ఇమ్తిహాన్‌లో రాశాను, నంబర్లు కూడా పడ్డాయి. పత్రికలో చేరిన కొత్తలో ఒక సైన్సు వార్త తర్జుమా చేస్తుంటే 'గరిమనాభి' అనే మాట ఎదురైంది. డెస్కులో ఒక సీనియర్‌ను అడిగితే "సెంటర్ ఆఫ్ గ్రావిటీ" అన్నాడు. అదే మాట ఇప్పుడు మా పిల్లల ఇంగ్లిషు మీడియం పుస్తకంలో ఉంది. మూడు జబాన్‌లలో మూడు లఫ్జ్‌లు నా దగ్గర జమయ్యాయి. ఆ మూడూ దేని పేర్లో మాత్రం నాకు తెలియలేదు.

తెలిసింది ఈ మధ్యే. పాత రబ్బరు బంతిని సగానికి కోసి, అడుగున తడిమట్టి దట్టంగా నింపి, పైన కాగితంతో టోపీలాగా చేసి అతికించాం. నెట్టితే పడదు. ఎంత వంచినా లేచి నిలబడుతుంది. జాత్రల్లో, ఉర్సుల్లో దొరికే తలూపే బొమ్మ కథ అంతే. బరువంతా అడుగున ఉంది. బొమ్మను పక్కకు వంచితే ఆ బరువు చోటు కొంచెం పైకి లేస్తుంది. వదిలేస్తే కిందికి దిగే ప్రయత్నంలో బొమ్మను నిటారుగా నిలబెడుతుంది. మట్టి తీసేసి, అంతే మట్టిని టోపీ కొసలో కూరితే బొమ్మ ఢమాలున పడిపోతుంది. మట్టి అంతే ఉంది, అది ఉన్న జగా మారింది. దాన్నే మర్కజె సఖల్ అంటారు, గరిమనాభి అంటారు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటారు. బొమ్మ చేతిలో ఉన్నాక ఏ పేరు పెట్టుకున్నా పిల్లవాడికి ఫరక్ పడదు.

నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ఫిజిక్స్ పాఠంలో వస్తువు ముందు రావాలి, లఫ్జ్ తర్వాత రావాలి. మన బడుల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. లఫ్జ్ ముందు వస్తోంది, వస్తువు చాలాసార్లు అసలు రావడమే లేదు. అందరు పిల్లలకూ ఇది నష్టమే. మన పిల్లలకు మాత్రం రెండింతల నష్టం.

ఎందుకంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ మన పిల్లల చదువు ఒకే జబాన్‌లో సాగదు. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, బజార్లో తెలుగు, బడిలో ఒకసారి ఉర్దూ మీడియం, ఒకసారి తెలుగు మీడియం. 2016లో మైనారిటీ గురుకులాలు తెరిచాక మధ్యలో ఇంగ్లిషు మీడియంలోకి మారిన పిల్లలు చాలామంది. గురుకులాలు రావడం మంచిదే. నేను వాటికి ఖిలాఫ్ కాదు. కానీ ఒక సంగతి గమనించండి. ఐదో తరగతి దాకా 'కషిషె సఖల్' అని విన్న పిల్ల, ఆరో తరగతిలో 'గ్రావిటీ' అనే మాటను మొదటినుంచి మోసుకోవాలి. పాత మాట వెనక ఏదైనా అనుభవం ఉంటే కొత్త మాట దాని మీద కూర్చుంటుంది. ఏమీ లేకపోతే పాత రట్టా పోయి కొత్త రట్టా వస్తుంది. పిల్ల సైన్సులో కమ్‌జోర్ అని మనం తీర్మానించేస్తాం. కమ్‌జోరీ ఆ పిల్లది కాదు.

జబాన్‌ల తప్పు కూడా కాదు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టింది. దానికోసం అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి, పెద్ద పెద్ద ఆలిమ్‌లు కూర్చుని సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి తెలుగులో అదే పని చేసింది. గొప్ప మెహనత్ అది. లఫ్జ్‌లను వాళ్లు మనకు అందించారు. ఆ లఫ్జ్‌లకు వస్తువును జతచేయడం తరగతి గదిలో జరగాల్సిన పని. అది మిగిలిపోయింది.

ఇది నాకు కొత్తగా తట్టిన ఖయాల్ అనుకోకండి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు పల్లెటూరి బడుల్లో ఒక ప్రయోగం మొదలైంది. పిల్లలు సైన్సు చదవడం కాదు, చేతులతో చేసి చూడాలన్నది దాని ఉసూల్. కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి, పుణెలో లారీలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్న అర్వింద్ గుప్తా అనే యువకుడు 1978లో సెలవు పెట్టి అక్కడికి వెళ్లాడు. లాబరేటరీ సామాను కోసం పట్నం వైపు చూడకుండా ఊరి సంతలో తిరిగాడు. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబులో గాలి నిలిపే సన్నని రబ్బరు వాల్‌ట్యూబు ఆయనకు దొరికాయి. వాల్‌ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని జోడిస్తే త్రికోణాలు, చతురస్రాలు, ఇళ్లు, గోళాలు తయారయ్యాయి. 1987లో వాటి మీద పుస్తకం రాశాడు. తర్వాత ఏళ్ల తరబడి పుణెలో పిల్లల సైన్సు కేంద్రంలో కూర్చుని చెత్తలోంచి ఖిలోనాలు చేశాడు. ఎట్లా చేయాలో చెప్పే పుస్తకాలు, వీడియోలు చాలా భాషల్లో ముఫ్త్‌గా పంచాడు. 2018లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. హోషంగాబాద్ కార్యక్రమాన్ని మాత్రం అప్పటికి చాలా ముందే, 2002లో, అక్కడి సర్కారు ఆపేసింది. ఇది కూడా గుర్తుంచుకోవాలి. మంచి పని దానంతటదే నిలబడదు, నిలబెట్టేవాళ్లు కావాలి.

ఆ వాల్‌ట్యూబు సంగతి చదివినప్పుడు నాకు మా అబ్బాజాన్ గుర్తొచ్చారు. ఆయనది సైకిల్ పంక్చరు దుకాణం. తెగిపోయిన వాల్‌ట్యూబు ముక్కలు నేల మీద ఎప్పుడూ పడి ఉండేవి. నేను వాటిని ఏరి చీపురు పుల్లలకు తొడుగుతూ కూర్చుంటే "ఖేల్ బంద్ కర్, పఢ్ లే" అని గద్దించేవారు. నేను చదువుకోవాలని ఆయన ఆరాటం. అందులో తప్పేముంది? కానీ ఆ పుల్లలతో నేను చేసిన నలుపలకల గూడు ఒక పక్కకు ఒరిగిపోయేది, మూడు పుల్లల గూడు ఎంత నొక్కినా కదిలేది కాదు. సైకిల్ ఫ్రేములో త్రికోణం ఎందుకుందో, కరెంటు టవర్ నిండా త్రికోణాలే ఎందుకుంటాయో ఆ నేల మీదే ఉంది. చదువు అక్కడుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు, మా బడికీ తెలియదు.

మన తెలుగు నేల మీద కూడా ఈ పని చేసినవాళ్లున్నారు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర 172 ఎకరాల్లో పిల్లల సైన్సు కేంద్రం నడుపుతోంది. తక్కువ ఖర్చు నమూనాలను వ్యాన్లలో వేసుకుని పల్లెటూరి బడులకు తిరగడం దాని తరీఖా. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో, పరీక్షలతో పిల్లల్లోకి సైన్సును తీసుకుపోయింది. 2020 జాతీయ విద్యావిధానం ఆట ద్వారా నేర్చుకోవడం గురించి చెప్పింది. ఆటవస్తువులతో పాఠం ఎట్లా చెప్పాలో ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేతిపుస్తకం కూడా వేసింది. కాబట్టి "సర్కారు ఒప్పుకోదు" అనే మాటకు ఇప్పుడు చోటు లేదు.

మరి ఏతరాజ్ ఎక్కడ? నేను మాట్లాడిన ఉపాధ్యాయులు మూడు మాటలు చెప్పారు. మూడింటిలోనూ నిజం ఉంది.

మొదటిది, వఖ్త్ లేదు. సిలబస్ అవ్వాలి, పదో తరగతి రిజల్టు రావాలి. నిజమే. కానీ చూసిన దానిని పిల్లవాడు మర్చిపోడు. ఒక ఉదాహరణ చెప్తాను. 'ఉత్ప్లవన బలం' అనే మాట పలకడానికే మన పిల్లలకు నాలుక తిరగదు. వాళ్లే సెలవుల్లో జూరాల దగ్గర, బీచుపల్లి దగ్గర కృష్ణలో పుట్టి మీద చేపలు పట్టేవాళ్లను చూస్తారు. తరగతిలో ఒక బకెట్ నీళ్లు పెట్టండి. మట్టి ముద్ద వేయండి, మునుగుతుంది. అదే ముద్దను పల్చగా ఒత్తి కటోరాలాగా చేసి వదలండి, తేలుతుంది. మట్టి బరువు మారలేదు, అది పక్కకు నెట్టే నీళ్లు పెరిగాయి. పుట్టి ఎందుకు వెడల్పుగా ఉంటుందో పిల్లలే చెప్తారు. పది నిమిషాలు పట్టింది. ఇదే తారీఫ్‌ను రట్టా కొట్టించడానికి ఎన్ని పీరియడ్లు పోతాయో లెక్కేసుకోండి.

రెండోది, తమాషా అయిపోతుందనే భయం. ఇది కూడా నిజమే. సైన్సు ఫెయిర్ అనగానే బజార్లో తయారుగా దొరికే మోడల్ కొనిచ్చి, పక్కన చార్టు అంటించి, పిల్లచేత కంఠస్థం చేయించిన నాలుగు వాక్యాలు చెప్పిస్తున్నాం. అది పాత రట్టాయే, కొంచెం ఖర్చెక్కువ. ఉస్తాద్ టేబుల్ మీద ఒక ఖిలోనా పెట్టి చూపిస్తే యాభైమంది తమాషా చూస్తారు. నలుగురికొకటి చొప్పున చేయించి, పాడుచేయనిచ్చి, మళ్లీ చేయిస్తే పాఠం అవుతుంది. అన్నింటికంటే ముఖ్యం, పాడైనప్పుడు "ఎందుకు పనిచేయలేదు?" అని అడగడం.

మూడోది, ఉస్తాద్‌కే సరైన జవాబు తెలియకపోతే? ఇది అసలైన ఏతరాజ్. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లించే ఆట మీకు తెలుసు. కొవ్వొత్తి ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్లెక్కుతాయి. "ఆక్సిజన్ కాలిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి" అని నాకు చెప్పారు, మీకూ చెప్పి ఉంటారు. అది గలత్. ఆక్సిజన్ ఖర్చయినచోట కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి. కొవ్వొత్తి వేడికి గాలి వ్యాకోచిస్తుంది, కొంత అంచుల్లోంచి బుడగలుగా బయటికి పోతుంది కూడా. మంట ఆరాక లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, అప్పుడు బయటి గాలి నీళ్లను లోపలికి తోస్తుంది. నమ్మకపోతే ఇంట్లోనే చేసి చూడండి. కొవ్వొత్తి మండుతున్నంతసేపు నీళ్లు పెద్దగా కదలవు. ఆరిపోయాకే జర్రున ఎక్కుతాయి. అంటే ఖిలోనాయే గవాహీ ఇస్తోంది, పుస్తకం తప్పని. ఉస్తాద్‌కు జవాబు తెలియకపోవడం ఐబ్ కాదు. "నాకూ తెలియదు, రండి చూద్దాం" అనడం కంటే పెద్ద సైన్సు పాఠం లేదు.

ఈ మాట అంటే మన పెద్దలు కొందరు గర్వంగా ఇబ్నుల్ హైసమ్ పేరెత్తుతారు. మంచిదే. 965లో బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఆ పెద్దాయన వెలుతురు మీద 'కితాబుల్ మనాజిర్' రాశాడు. కానీ ఆయన ఏం చేశాడో మన పిల్లలకు చూపించామా? చీకటి గదికి ఒక చిన్న రంధ్రం. బయట వేరువేరు చోట్ల కొన్ని దీపాలు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుందనీ, ఒకే రంధ్రంలో కలిసినా ఒకదానితో ఒకటి కలగాపులగం కాదనీ ఆయన అట్లా నిరూపించాడు. ఒక అట్ట, ఒక సూది, మూడు కొవ్వొత్తులు ఉంటే ఈ రాత్రి మీ ఇంట్లో అదే పని చేయొచ్చు. ఆయన చేతులతో చేశాడు. మనం ఆయన పేరు కంఠస్థం చేస్తున్నాం. తేడా అక్కడుంది.

"బొమ్మలతో ఆటలేంది, ఇల్మ్ అంటే కితాబ్" అనే బుజుర్గులకు అదబ్‌తో ఒక్కమాట. హజ్రత్ ఆయిషా (రజి.) చిన్నప్పటి ఆటవస్తువుల్లో గుడ్డ రెక్కలున్న గుర్రం ఒకటుండేదని అబూదావూద్ హదీసుల్లో ఉంది. ఆటను మనకంటే పెద్దవాళ్లెవరూ తక్కువ చేయలేదు.

నాకు అన్నింటికంటే బాధ కలిగించే సంగతి చివరికి దాచుకున్నాను. మా ఖాలా కొడుకొకడు పదో తరగతిలో సైన్సు తప్పాడు. మళ్లీ రాయలేదు. "మేరేకు సైన్స్ నైఁ ఆతా" అని ఇప్పటికీ అంటాడు. నాగర్‌కర్నూల్ వైపు బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, రాగి తీగ ఎన్ని చుట్లు, ఏ గేజి, ఎటువైపు అన్నది చూసి మళ్లీ చుట్టి, నడిపించి ఇస్తాడు. చుట్టుపక్కల ఎన్ని ఎకరాల వరికి నీళ్లు అతని చేతుల మీదుగా పారుతున్నాయో! ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఒక మిఖ్నాతీస్, ఎనామిల్ పూసిన కొంచెం రాగి తీగ ఉంటే అర్వింద్ గుప్తా మోటారు తయారవుతుంది. తీగను చిన్న చుట్టగా చుట్టి, ఒక కొస ఎనామిల్ మొత్తం గీకేయాలి, రెండో కొస ఒకవైపే గీకాలి. అప్పుడది గిర్రున తిరుగుతుంది. ఆ రెండో కొస సగమే ఎందుకు గీకాలో మొన్న మా తమ్ముణ్ని అడిగాను. ఆలోచించకుండానే చెప్పాడు. "పూరా ఘిసే తో ఆధే చక్కర్‌మె వాపస్ ఖీంచ్తా, భాయ్." మొత్తం గీకితే సగం తిరిగాక వెనక్కి లాగుతుంది, అందుకని ఆ సగంలో కరెంటు ఆపాలి. పుస్తకంలో కమ్యుటేటర్ అనే మాట వెనక ఉన్నది అదే. అది తెలిసినవాణ్ని ఫెయిల్ చేశాం. సైన్సు రాదని వాణ్నే నమ్మించాం.

మెకానిక్కులు, వెల్డర్లు, రేకు పనివాళ్లు, దూది ఏకే విల్లు పట్టిన చేతులు మన ఖాందానుల్లో ఎన్నో. ఆ చేతుల్లో ఉన్న ఇల్మ్ బడి గడప దగ్గర ఆగిపోతోంది. ఖిలోనా దానికి దర్వాజా తీస్తుంది. వనపర్తిలో రాజావారి మహల్ ఇవాళ పాలిటెక్నిక్ కాలేజీ. అందులో మన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు, ఇంకా ఎక్కువమంది కనిపించాలంటే ఆరో తరగతిలోనే వాళ్ల చేతికి తీగ, మిఖ్నాతీస్ అందాలి. లట్టూ తమ్ముడికి, గిన్నెల సెట్టు చెల్లెలికి అనే తక్సీమ్ ఇకనైనా మానుకుందాం.

నేను పెద్ద పెద్ద ఫండ్లు అడగడం లేదు. ఉస్తాద్‌లు వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. బడికి ఒక అట్టపెట్టె చాలు, అందులో బుడగలు, స్ట్రాలు, దారం, అగ్గిపుల్లలు, వాల్‌ట్యూబు, మిఖ్నాతీస్, రాగి తీగ. ఊళ్లో ఉన్న మన మెకానిక్ భాయ్‌ని నెలకొకసారి తరగతికి పిలవండి, కుర్చీ వేసి కూర్చోబెట్టి పిల్లలకు చెప్పమనండి. దీనియాత్ క్లాసులు నడిపే కమిటీలు సెలవుల్లో ఒక అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా పిల్లల చేత ఇవి చేయించొచ్చు. అమ్మీలు, అబ్బాలు పిల్లవాడు బొమ్మ విప్పితే కొట్టకండి. మళ్లీ బిగించమనండి.

పడవ సంగతి చెప్పి ముగిస్తాను. వారం రోజులు తంటాలు పడ్డాం. ఆవిరి గొట్టంలోని నీళ్లను వెనక్కి తోస్తుంది, పడవ ముందుకు జరుగుతుంది. ఆ ఆవిరి చల్లబడి ముడుచుకోగానే నీళ్లు మళ్లీ అదే గొట్టంలోకి వస్తాయి. అంటే నీళ్లు పోస్తున్నది తసలాయే. మరి నీళ్లు లోపలికి వచ్చేటప్పుడు పడవ వెనక్కి పోవాలి కదా? అది మా పెద్దమ్మాయి అడిగింది. నేను కొవ్వొత్తి వెలిగించి ఊదాను, ఆరిపోయింది. మళ్లీ వెలిగించి, అంతే దూరం నుంచి గాలి పీల్చాను. మంట పెద్దగా కదల్లేదు. ఊదిన గాలి ఒకే దిక్కుకు పోతుంది, పీల్చిన గాలి అన్ని దిక్కుల నుంచి వస్తుంది. నీళ్లూ అంతే. అందుకే ముందుకు నెట్టు గట్టిగా పడుతుంది, వెనక్కి లాగు తేలిపోతుంది.

చిన్నోడు కొవ్వొత్తి ముందు కూర్చుని పది పన్నెండుసార్లు ఊది, పీల్చి చూశాడు. ఆ తర్వాత అడిగాడు, "అబ్బా, ఇస్కు క్యా బోల్తే?" దీన్ని ఏమంటారని. లఫ్జ్ కావాలని వాడే అడిగాడు. మూడు జబాన్‌లలోనూ చెప్పాను.